బడి కిటికీ

సోమవారం పొద్దున క్లినిక్కులో రొమింక వేలు పొడిచి నర్సు రక్తపు చుక్క తీసింది. మిషను వంక చూసి, పక్క వేలు పట్టుకుని మళ్ళీ పొడిచింది. రెండోసారి కూడా అంకె మూడు వందల పది దగ్గరే ఆగింది.

"పరగడుపునే వచ్చావా?"

"అవునమ్మా. రాత్రి తిన్నదే. నాలుగు రొట్టెలు, చిక్కుడు గింజలు."

"కూల్‌డ్రింకు?"

"పడుకునే ముందు ఒక సీసా. అది తిండి కిందకి రాదుగా!"

నర్సు పట్నం పిల్ల, అయినా మా భాష వచ్చు. తిట్టలేదు. మాత్రల అట్ట చేతిలో పెట్టి, "షుగరొచ్చింది రొమింకా. డ్రింకు మానెయ్యాలి. తగ్గించడం కాదు, మానెయ్యాలి. ఎవరిచ్చినా ముట్టుకోకు" అంది.

ఆ ఆఖరి మాట దగ్గరే రొమింకకి గుండె జారింది. మెక్సికోలోని ఈ చియాపాస్ కొండల్లో మా ఊరి సంగతి ఆ పిల్లకేం తెలుసు! ఇక్కడ పలకరింపుకి డ్రింకు, పిల్లనడగడానికి డ్రింకు, తగువు తీరడానికి డ్రింకు. తప్పు చేస్తే కట్టే జరిమానా కూడా డ్రింకే. చేతికిచ్చిన సీసా తాగకుండా కింద పెడితే, ఇక నీ గడప తొక్కనని మొహం మీద చెప్పినట్టే.

మాత్రల అట్ట నడికట్టులో దోపుకుని తిన్నగా బడికి వెళ్ళింది. ఈ ఏడు బడి కమిటీ సేవ ఆమె వంతు. జీతం ఉండదు, తిట్లు మాత్రం ఉంటాయి. ఆవరణ ఊడవాలి, పిల్లలకి వంట చేసే తల్లుల వంతులు చూడాలి, మేష్టారు అడిగినదానికల్లా తలూపాలి. పైన్ కొమ్మల చీపురు తీసుకుని నీళ్ళ తొట్టి దగ్గర మొదలుపెట్టింది. పంపు కాలిపోయి అయిదు నెలలైంది. తొట్టి అడుగున ఎండాకులు, ఒక చెప్పు.

విరామం గంట కొట్టగానే పిల్లలు గోడ వైపు పరిగెత్తారు. గోడ అవతల షలిక్ కొట్టు. ఆ కొట్టు వెనక కిటికీ బడి ఆవరణలోకే తెరుచుకుంటుంది. కిటికీకి జానెడు దూరంలో రాజధాని నుంచి వచ్చిన కాగితం అంటించి ఉంది. బడుల్లో తీపి డ్రింకులు అమ్మరాదని దాని మీద ఇంత లావు అక్షరాలు. పొట్టి పిల్లలు కొందరు ఆ కాగితం మీద చెయ్యి ఆనించి, మునివేళ్ళ మీద లేచి మరీ కిటికీలోకి డబ్బులందిస్తున్నారు.

రొమింక కూతురు లోషాకి ఎనిమిదేళ్ళు. ముందు కొళాయి తిప్పి చూసింది. గాలి తప్ప ఏమీ రాలేదు. కిటికీ దగ్గరికెళ్ళి పొట్టి సీసా తీసుకుని, తల వెనక్కి వాల్చి గటగటా తాగి, తల్లిని చూసి నవ్వింది. ముందు పళ్ళు నాలుగూ నల్లటి మొద్దులు. రోజూ చూసేదే. పొద్దున ఆ చిల్లర పిల్ల చేతిలో పెట్టింది కూడా తనే. అయినా ఇవాళ చీపురు ఆగిపోయింది. పొడిచిన వేలు ఇంకా సలుపుతోంది. దీని వేలు పొడిస్తే మిషను ఎంత చూపిస్తుందో అనుకుంది. భయమేసింది. సిగ్గు కూడా వేసింది.

పిల్లలు లోపలికి వెళ్ళాక కిటికీ దగ్గర నిలబడింది.

"షలిక్, ఈ కిటికీ మూసెయ్యి."

షలిక్ ఖాళీ సీసాలు కేసులో సర్దుతున్నాడు. ఊరికంతటికీ డ్రింకు లారీ దిగేది అతని కొట్టు ముందే.

"మూసేస్తా వదినా. నీళ్ళు నువ్వు పోస్తావా?"

"పక్కన కాగితం చదవలేదా?"

"చదవకపోవడమేంటి, నేనేగా అంటించింది! మేష్టారికి చెయ్యందలేదు."

"మరి?"

"మరేముంది. అది పైవాళ్ళ కాగితం. ఊళ్ళో చట్టం కావాలంటే సభ చెయ్యెత్తాలి. నేనొక్కణ్ణే మూస్తే రేపు ఇంకొకడు గేటు దగ్గర బండి పెడతాడు."

"అయితే సభలోనే అడుగుతా."

"అడుగు. సభ ముందు బల్ల మీద ఊరి పెద్దగా పెతుల్ పెద్దయ్య ఉన్నంతకాలం అడుగుతూనే ఉంటావు." నవ్వి, మళ్ళీ గొంతు తగ్గించాడు. "కానీ చూసుకో వదినా. సభ ఒకసారి కాదంటే మూడేళ్ళదాకా ఆ మాట ఎత్తనివ్వరు."

మూడేళ్ళకి లోషా బడి అయిపోతుంది. రొమింక ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

సభలో మాట పెట్టాలంటే ముందు ఊరి పెద్ద ఇంటికి వెళ్ళి అడగాలి. వట్టి చేతులతో వెళ్ళకూడదు. సీసాలు ఆయన ముందు పెట్టి, ఆయన అందుకున్నాకే నోరు విప్పాలి. డ్రింకు వద్దని అడగడానికి డ్రింకు మోసుకెళ్ళడమేమిటని రొమింకకి ఒళ్ళు మండింది. మంగళవారం మొక్కజొన్న సున్నపు నీళ్ళలో ఉడికించి, నాలుగు నీళ్ళు మార్చి కడిగి, మోకాళ్ళ మీద కూర్చుని రాతి మీద రెండుసార్లు నూరి పులియబెట్టింది. బుధవారం అంబలి కాచి పెద్ద సొరబుర్రలో పోసింది.

"పెద్దయ్య ఇంటికి అంబలా? అది బాలింతలకి కదా! వాళ్ళింట్లో ఎవరైనా కన్నారా ఏంటి?" అన్నాడు మొగుడు మన్వెల్.

"నీ వేళాకోళం తర్వాత. ముందు ఆ బుర్ర ఎత్తు."

పెతుల్ గడప దగ్గర కూర్చుని కిత్తనార పేనుతున్నాడు. డెబ్బై దాటినా వెన్ను వంగలేదు. ఇంట్లో కూడా బూట్లు వేసుకునే ఉన్నాడు. సొరబుర్ర వంక చూశాడు, మూత తీసి వాసన చూశాడు.

"బాగా పులిసింది. మరి సీసాలేవి అమ్మాయ్?"

"ఇదే తెచ్చా పెద్దయ్యా. బడి కిటికీ సంగతి అడుగుదామని..."

"నువ్వేం అడగాలనుకుంటున్నావో నిన్ననే తెలిసింది. మాటకి అంబలి చెల్లదు." నార పేనడం ఆపలేదు. "నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఈ ఊళ్ళో మాట సారాతో నడిచేది. అడగాలంటే సారా, ఒప్పుకోవాలంటే సారా. సభ అయ్యేసరికి సగం మంది బురదలో ఉండేవాళ్ళు. మా నాన్న అట్లాగే వాగులో బోర్లాపడి పోయాడు. నేను లేచి, సారా బదులు డ్రింకు పెడదాం అన్నా. ఆడపిల్లల తాగుడని నవ్వారు. రెండేళ్ళు పట్టింది నాకు. ఇవాళ తాగొచ్చి పెళ్ళాన్ని తన్నేవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు? చెప్పు. నీ మొగుడు ఎప్పుడైనా తాగాడా?"

"లేదు పెద్దయ్యా."

"ఆ సీసా పుణ్యమే. అది విషమని బళ్ళో నేర్పితే రేపు ఆ పిల్లలు మన చేతి సీసా అందుకుంటారా? అందుకోకపోతే ఊళ్ళో మాట దేని మీద నిలబడుతుంది?"

ముసలాయన చెప్పింది అబద్ధమైతే బాగుండేది. పెతుల్ భార్య అంబలి లోపలికి తీసుకెళ్ళి, బుర్ర ఖాళీ చేసి, కడిగి తెచ్చి ఇచ్చింది.

గురువారం మన్వెల్ నుదుటికి పట్టీ వేసుకుని రెండు కేసులు వీపున మోశాడు.

"కిటికీ మూయించడానికి నా దగ్గరే సరుకా! ఇట్లాంటి బేరం నా జన్మలో చూళ్ళేదు వదినా" అని షలిక్ కేసులు ఎత్తించాడు.

పెతుల్ కేసులు అందుకున్నాడు. మన్వెల్‌కి, రొమింకకి చెరొక సీసా తెరిపించి ఇచ్చాడు. తను మాత్రం తీసుకోలేదు. "దగ్గుగా ఉంది, నేను తర్వాత తాగుతాలే. ఆదివారం నీ మాట సభలో పెడతా. ఒప్పుకుంటానని మాత్రం అనుకోకు."

ముసలాయన తల తిప్పినప్పుడు రొమింక పెదవులు తడుపుకుని తన సీసా మన్వెల్ చేతిలోకి నెట్టింది. అతని ఖాళీ సీసా తను పట్టుకుంది.

"నీది కూడా నేనే తాగాలా?" అన్నాడు మన్వెల్.

రొమింక మొగుడి నడుం గట్టిగా గిల్లింది. పాపం, నోరు మూసుకుని తాగాడు.

దారిలో చెప్పింది. "షుగరొచ్చింది నాకు. మూడు వందల పది."

మన్వెల్ దారి మధ్యలో ఆగిపోయాడు. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ పైకి అనరు. షుగరున్న మనిషి చేతికి సీసా ఇవ్వలేం. సీసా ఇవ్వలేని మనిషిని దేనికీ పిలవలేం. కాళ్ళు కుళ్ళిపోయేదాకా దాచుకున్నవాళ్ళు ఉన్నారు.

"మరి సభలో ఎట్లాగే?" అన్నాడు చివరికి. "తాగాలి కదా."

"తాగుతా. ఒక్క సీసాకి చావనులే."

"నర్సేమంది?"

రొమింక అడుగుల వేగం పెంచింది. ఇంటికెళ్ళాక మన్వెల్ గూట్లో ఉన్న చక్కెర డబ్బా తీసి పొరుగింటికి ఇచ్చేసి వచ్చాడు. పొరుగావిడ ఎందుకని అడిగితే చీమలు పడుతున్నాయని చెప్పాడట.

ఆదివారం సభ బాస్కెట్‌బాల్ మైదానంలో జరిగింది. తెల్ల ఉన్ని అంగీల్లో మగవాళ్ళు నిలబడ్డారు. కమిటీ ఆడవాళ్ళు, విధవలు నల్ల ఉన్ని లంగాలు కింద పరుచుకుని ఒక పక్క కూర్చున్నారు. ముందు బల్ల మీద అయిదుగురు పెద్దలు, మధ్యలో రిబ్బన్ల టోపీతో పెతుల్. కార్యదర్శి రాజధాని కాగితం చదివి, తెలిసిన మాటలకి మా భాషలో అర్థం చెప్పి, తెలియనివి దాటేశాడు.

రొమింక లేచింది.

"నేను ఎక్కువ అడగడం లేదు. మీ పెళ్ళిళ్ళ జోలికి రాను, పండగల జోలికి రాను. బడి కిటికీ ఒక్కటి మూయించండి. పిల్లలు పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి తాగుతున్నారు. వాళ్ళ పళ్ళు చూడండి. ఎవరింటి పిల్లలవైనా సరే."

"తొట్టిలో నీళ్ళేవి?" అన్నాడు షలిక్. "నా కిటికీ మూస్తే దుమ్ము తాగుతారా?"

"నీ కిటికీ ఉండబట్టే అయిదు నెలల నుంచి ఎవరికీ తొట్టి గుర్తు రాలేదు!"

కొందరు నవ్వారు. పంపు కమిటీవాళ్ళు నవ్వలేదు.

"ఇవాళ బడి, రేపు మన వాకిలి" అని వెనకనించి ఒకాయన అరిచాడు. "ఇప్పటికే పన్నేసి రేటు పెంచారు. పైవాళ్ళు మన నోటి ముందర కూర్చుంటారా?"

"మా పిల్ల అది లేనిదే ముద్ద మింగదు" అంది ఒక తల్లి.

"అదే నేను చెప్పేది" అంది రొమింక.

గంటసేపు సాగింది. అవునన్నవాళ్ళూ ఉన్నారు, తక్కువేం కాదు, కానీ ముందు బల్ల వంక చూసి గొంతు తగ్గిస్తున్నారు. మా సభ ఎప్పుడూ అంతే. చివరికి పెతుల్ కర్ర నేలకి తాటించాడు.

"కాగితం గోడ మీద ఉంది, ఉండనీ. కిటికీ కూడా ఉండనీ. మూడేళ్ళ తర్వాత చూద్దాం."

అయిపోయింది. రొమింక నిలబడ్డచోటే నిలబడింది. మూడేళ్ళు. రోజుకి మూడు సీసాలు. ఏడుపు రాలేదు. కోపమొచ్చింది, ఎవరి మీదో కూడా తెలియని కోపం.

ఇక సీసాల వంతు. మాట ఎటు తేలినా సభ చివర అందరూ తాగాలి, ఓడిన మనిషి ముందు తాగాలి. అలా తాగితే మనసులో ఏమీ పెట్టుకోలేదని. ఓపెనరు పట్టుకుని షలిక్ కేసుల మధ్య తిరుగుతున్నాడు. బల్ల మీదవాళ్ళకి ఇచ్చాడు. వరసలకి ఇచ్చాడు. రొమింక దగ్గరికొచ్చి, ఒక సీసా తీయబోయి, దాన్ని వదిలేసి కేసు మూలనున్న ఇంకోటి తీశాడు. బొటనవేలితో మూత నెట్టి చేతికిచ్చాడు. రెండు వందల మంది ఆమె వంక చూస్తున్నారు. కొంచెం దూరంలో మన్వెల్ తల దించుకున్నాడు.

రొమింక కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగింది.

చేదు. చక్కెర లేని చల్లటి కాఫీ.

షలిక్ పక్క సీసా కోసం వంగినట్టు వంగాడు. "మొహం అట్లా పెట్టకు, తాగు వదినా. క్లినిక్కుకి వెళ్ళొచ్చిన రోజు నుంచి మీ ఇంట్లో ఎవరూ నా కొట్లో చక్కెర కొనలేదు. నాకు తెలీదా?"

"నీకూ ఉందా?"

"నాలుగేళ్ళు. పొద్దున్నే మా ఆవిడ కాచి పోస్తుంది, నేను మూతలు బిగిస్తా." కళ్ళతో ముందు బల్ల చూపించాడు. "అక్కడ ముగ్గురికి. అసలు పెద్దయ్య కోసమే మొదలుపెట్టాం. ఎక్కడా అనకు."

షలిక్ పక్క వరసకి వెళ్ళిపోయాడు. రొమింక ఇంకో గుక్క తాగింది. రెండు కేసులు తన మొగుడి వీపున మోయించుకున్న మనిషి! మాటకి అంబలి చెల్లదన్న మనిషి! కాఫీ తాగుతూ కూర్చుని తన కూతురి నోట్లో మూడేళ్ళు చక్కెర పొయ్యమన్నాడు. ఆ సీసా లాక్కుని, నలుగురి ముందూ నేలమీద ఒంపి, బుడగలేవని అడుగుదామా అనిపించింది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ పని చేస్తే ఊరంతా ముసలాయన పరువు వెనక నిలబడుతుంది, కిటికీ సంగతి ఎవరికీ పట్టదు. అంత తెలివి రొమింకకి ఉంది.

తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది.

"పెద్దయ్యా, నా మనసులో ముల్లుంది. సీసా మార్చు."

గుసగుసలు ఆగిపోయాయి. మనసు విరిగిన మనిషి అలా అడిగితే, ఎదుటి మనిషి తన సీసా ఇచ్చి వాళ్ళ సీసా తాగాలి. కాదనడానికి లేదు. అలా మార్చుకున్నాక, తేలిన మాటని బల్ల మళ్ళీ చూడొచ్చు కూడా. అయితే పెతుల్‌ని అలా అడిగే ధైర్యం ఇన్నేళ్ళలో ఎవరూ చెయ్యలేదు.

పెతుల్ వేళ్ళు సీసా చుట్టూ బిగిశాయి. షలిక్ కోసం చూశాడు. షలిక్ ఓపెనరు అంగీకి తుడుచుకుంటూ కొండ వైపు తిరిగి ఉన్నాడు.

"ఇప్పుడెందుకమ్మాయ్..."

"ముల్లు పెట్టుకుని ఇంటికెళ్ళమంటావా?"

ముసలాయన సీసా ఇచ్చాడు. రొమింక అందరికీ కనపడేలా ఎత్తి తాగింది. అదే కాఫీ. ఏమీ అనకుండా పెదవులు తుడుచుకుంది. పెతుల్ చేతిలో ఇప్పుడు ఆమె సీసా ఉంది. దాన్ని విషం వంక చూసినట్టు చూశాడు. బల్ల కింద బూటులో ఎడమ కాలు ఎత్తి మళ్ళీ పెట్టుకున్నాడు. చేసేది లేక నోటికి ఆనించుకున్నాడు. మింగబోయి ఆగాడు.

సీసా దించకుండానే ఆమె కళ్ళలోకి చూశాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు, ఆమెకి తప్ప వినపడకుండా.

"సోమవారం నుంచి. నీకో?"

"ఆరేళ్ళు."

"నీకు షలిక్ ఉన్నాడు, నాకూ ఉన్నాడు" అంది రొమింక. "పిల్లల సీసాల్లో కాఫీ ఎవరు పోస్తారు పెద్దయ్యా?"

పెతుల్ మిగిలినది చివరి చుక్కదాకా తాగాడు. ఖాళీ సీసా బల్ల మీద పెట్టి, కర్ర పట్టుకుని లేచాడు. లేవడానికి కాస్త సేపు పట్టింది.

"సీసా మార్చాక మాట మళ్ళీ చూసే హక్కు బల్లకి ఉంది" అన్నాడు సభతో. "సారా మానేటప్పుడు కూడా మనం ఒకసారి వద్దన్నాకే మానాం. ఆ రోజు వద్దన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఇవాళ వద్దన్నది నేను. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. బడి కిటికీ మూద్దాం. గేటు దగ్గర బండి కూడా వద్దు. పంపు కమిటీ ఈ వారమే కదలాలి."

కార్యదర్శి గబగబా రాసుకుంటూ తలెత్తాడు.

"తప్పినవాళ్ళకి జరిమానా పెద్దయ్యా? ఎప్పట్లాగే రెండు కేసుల డ్రింకు రాసేదా?"

మైదానమంతా గొల్లుమంది. ఆడవాళ్ళయితే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. పెతుల్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నీళ్ళు రాయవయ్యా! బడి తొట్టికి నలభై బిందెలు. వాగు నుంచి, వీపు మీద." కర్ర తాటించాడు. "ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

కమిటీ ఆడవాళ్ళ చేతులు లేచాయి. మన్వెల్ చెయ్యి వాళ్ళకంటే ముందే లేచింది, అతను ఎక్కడ చూస్తున్నాడో అతనికే తెలియదు. తర్వాత మగవాళ్ళు, ఒక్కొక్క వరసా, చాలామంది సీసా పట్టుకున్న చేత్తోనే. పన్ను గురించి అరిచినాయన పక్కవాళ్ళని చూసి ఎత్తాడు. ముద్ద మింగని పిల్ల తల్లి ఎత్తింది. కార్యదర్శి కలం చెవి మీద పెట్టుకుని లెక్కపెడుతూ, ఎత్తని ఒక్క మనిషి దగ్గర ఆగాడు. షలిక్ రెండు చేతుల్లోనూ కేసు ఉంది. చుట్టూ చూసి, దాన్ని నెమ్మదిగా కింద పెట్టి, అతను కూడా చెయ్యెత్తాడు.